పెద్దనాయుడి మొహం వెనక రేడియేటరు

బస్సు బాడీలు కట్టే షెడ్లలో కొత్తగా చేరినవాళ్ళు ఈమధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఐటీఐ చదివినవాళ్ళు, డిప్లొమా చేసినవాళ్ళు, శ్రీసిటీ కంపెనీల్లో కొన్నాళ్ళు చేసి అక్కడి షిఫ్టులు పడక చిత్తూరు తిరిగొచ్చినవాళ్ళు. "బస్సుల్ని ఇండ్లుగా మార్చే పని మీకు బాగా తెలుసంట గదా సార్" అంటారు. తెలుసు. ఎలా తెలిసిందో చెబితే మాత్రం నా మర్యాద కొంచెం తగ్గుతుంది. తగ్గినా పర్వాలేదనుకునే వయసు వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

నా పేరు ఖాదర్ బాషా. మా అబ్బాజాన్ చిత్తూరులో ఇత్తడి రేడియేటర్లకు మాట్లు వేసేవాడు. నేను బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక, హైవే పక్కన గోవిందరెడ్డి షెడ్డులో ఆరేళ్ళు పనిచేశాను. డిపోలో నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో సర్వీసు పుస్తకంలో ఉంది. దానివల్ల మీకు ఏ లాభమూ లేదు. షెడ్డులో చేసిన ఒక్క బండి గురించి చెబుతాను. డిపోలో నేను నేర్చుకున్నదాంట్లో సగం తప్పని ఆ బండి నాకు చూపించింది.

వెనక ఇంజను సంగతి

ముందు ఇంజను ఉన్న బండి పరిగెత్తేకొద్దీ ఎదురుగాలి వచ్చి రేడియేటరుకు తగులుతుంది. ఫ్యాను కాస్త బద్ధకించినా గాలి ఆదుకుంటుంది. వెనక ఇంజనుకు ఆ భాగ్యం లేదు. దాని రేడియేటరు బండి వెనక భాగంలో ఎడమ పక్కన, ఒక జాలీ వెనక నిలబడి ఉంటుంది. బండి ఎంత వేగంగా పోయినా గాలి ఆ జాలీని రాసుకుంటూ వెళ్ళిపోతుందే తప్ప లోపలికి రాదు. ఫ్యానే దాన్ని లాక్కోవాలి. అలా లాక్కున్న గాలి రేడియేటరులోంచి దూరి, ఇంజను గదిలోకి వెళ్ళి, కింది నుంచి బయటపడాలి. రావడానికి దారి, పోవడానికి దారి. ఉన్న శాస్త్రమంతా ఇంతే.

బస్సు చేసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. అందుకే ఆ చుట్టుపక్కల ఏమీ పెట్టకుండా వదిలేస్తారు. మనం దాన్ని ఇల్లుగా మార్చేటప్పుడు ఆ ఖాళీ చూసి ఆశపడతాం. వెనక మంచం కావాలంటారు, మంచం కింద అర కావాలంటారు, చప్పుడు వినపడకుండా చుట్టూ స్పాంజి కావాలంటారు, కింది నుంచి దుమ్ము రాకుండా రేకు కావాలంటారు. ఇంట్లో పొయ్యి మీద మంచం వేసుకుని పడుకునేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. బండిలో మాత్రం అందరూ అదే అడుగుతారు.

గోవిందరెడ్డి ఎవరు ఏం అడిగినా కాదనేవాడు కాదు. మనిషి మంచివాడు. తన షెడ్డు నుంచి ఎవరూ మొహం మాడ్చుకుని వెళ్ళకూడదని ఆయన పట్టుదల. మంచి యజమాని వల్ల కూడా బండ్లు తగలబడతాయని ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

కుప్పమ్మగారు ఎక్కడా పడుకోరు

బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే దొరస్వామి నాయుడు ఒకరోజు పాత వెనక ఇంజను బస్సు ఒకటి తెచ్చి షెడ్డులో పెట్టించాడు. వాళ్ళమ్మ కుప్పమ్మగారి కోసమని చెప్పాడు. ఆవిడకు ఎనభై దాటాయి. ఎప్పుడో చిన్న వయసులో కార్వేటినగరంలో ఒక పెళ్ళికి వెళ్ళి పడుకుంటే, చీకట్లో ఎవరో ఆవిణ్ణి దాటి వెళ్ళారట. ఆ రోజు నుంచి పరాయి కప్పు కింద పడుకోనని ఒట్టు పెట్టుకుంది. కూతుళ్ళ ఇళ్ళకైనా పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావడమే.

ఇప్పుడు కోలారులో ఆవిడ చెల్లెలు మంచాన పడింది. అక్కతో నాలుగు రోజులు ఉండాలని కబురు మీద కబురు పంపుతోంది. నాలుగు రోజులుండాలంటే పడుకోవాలి. పడుకోవాలంటే సొంత కప్పు ఉండాలి.

"అందుకే ఇల్లే తీసుకుపోతా ఉండా" అన్నాడు దొరస్వామి నాయుడు.

ఇందులో మాకు వింతేమీ కనపడలేదు. గోవిందరెడ్డి టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు.

వంటగదికి కుప్పమ్మగారే స్వయంగా వచ్చి ఎత్తు చూసుకుంది. నిలబడి సంగటి కెలకడానికి వీలుగా పొయ్యి దిమ్మెను రెండుసార్లు పగలగొట్టించింది. వెనక మంచం, ఆ పక్క కిటికీ ఆవిడకు నచ్చాయి. మంచం కింద స్పాంజి, అడుగున రేకు ఈ బండికీ వేశాం. తర్వాత అసలు కోరిక బయటపెట్టింది. కాలం చేసిన భర్త పెద్దనాయుడి బొమ్మ బండి మీద ఉండాలి.

చిల్లుల స్టిక్కరు

పెద్దనాయుడు చాలాకాలం సర్పంచిగా చేసినవాడు. తలపాగా, గుబురు మీసం. బొమ్మ ఎడమ వైపే ఉండాలని కుప్పమ్మగారు పట్టుబట్టింది. ఎందుకంటే బస్టాపుల్లో జనం నిలబడేది ఎడమ వైపు. "కుడి పక్క ఏస్తే ఎదురొచ్చే లారీలు తప్ప ఎవురు సూస్తారప్పా? ఆయన మనుషుల్ని సూసినోడు, లారీల్ని కాదు" అంది.

ఎడమ వైపు ముందంతా తలుపూ కిటికీలూ. ఖాళీ ఉన్నది వెనకే. మనిషంత బొమ్మ అక్కడ పెడితే, భుజాలు చక్రం పక్కన వచ్చాయి, మొహం సరిగ్గా రేడియేటరు జాలీ మీద వచ్చింది.

నేను అభ్యంతరం చెప్పాను. చెప్పానని రాసుకోవడానికి బాగుంటుంది గానీ, గట్టిగా చెప్పలేదు. గోవిందరెడ్డి ఒక ఉపాయం తెచ్చాడు. బస్సు అద్దాల మీద ప్రకటనలు అంటిస్తారు చూడండి, సన్న సన్న చిల్లుల స్టిక్కరు, బయటినుంచి బొమ్మ కనపడుతుంది, లోపలివాళ్ళకు రోడ్డు కనపడుతుంది. అదే జాలీ మీద అంటిద్దామన్నాడు. ఒక ముక్క నా కళ్ళముందు పెట్టి అడిగాడు.

"రోడ్డు కనబడతా ఉండాదా?"

"కనబడతా ఉండాది."

"ఇంగ గాలికేమి రోగం?"

కంటికి దారి ఉన్నంత మాత్రాన గాలికి దారి ఉన్నట్టు కాదని నాకు అప్పుడు తట్టలేదు. చూపుకు బరువు లేదు. గాలిని మాత్రం ఫ్యాను లాగాలి, అదీ వేల కొద్దీ సన్న చిల్లుల్లోంచి. పైగా నెల తిరక్కుండానే ఆ చిల్లుల్లో మామిడి లారీల దుమ్ము కూరుకుపోయింది.

నేను చేసిన తప్పులు

చదును రోడ్డు మీద బండి బాగానే నడిచింది. ఎత్తు ఎక్కినప్పుడల్లా మరిగింది. మొదటిసారి కోలారు బయలుదేరి మొగిలి ఘాటు సగంలోనే ఆగారు. రేడియేటరు మూత దగ్గర నుంచి ఆవిరి తన్నుకుని, జాలీలోంచి, అంటే పెద్దనాయుడి ముక్కులోంచీ మీసంలోంచీ బయటికి వచ్చింది. అటుగా పోతున్న ఒక కుటుంబం టెంపో ఆపి దిగి దండం పెట్టుకుంది.

"ఏ సామి బస్సప్పా ఇది?" అని అడిగారట.

డ్రైవరు దానియేలు నిజమే చెప్పాడు. "సామి కాదన్నా, సర్పంచి." అయినా వాళ్ళు కొబ్బరికాయ కొట్టే వెళ్ళారు. కుప్పమ్మగారు ఆ చిప్పలతో బండిలోనే పచ్చడి చేసింది. ఇంజను చల్లబడేసరికి అందరి భోజనాలూ అయ్యాయి. బండి వెనక్కి తిప్పుకుని వచ్చేశారు.

బండి నా దగ్గరికి వచ్చింది. నేను నీళ్ళ పంపు మార్చాను. రేడియేటరు విప్పి కడిగించాను. తగ్గలేదు. అప్పుడు డిపోలో అందరం చేసే పని చేశాను. థర్మోస్టాట్ పీకేశాను. అది నీళ్ళు వేడెక్కాక రేడియేటరు వైపు దారి తెరిచే చిన్న తలుపు. తలుపే లేకపోతే నీళ్ళు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి గదా అని మా లెక్క. ఈ రకం ఇంజనులో ఆ తలుపు ఇంకో పని కూడా చేస్తుంది. తెరుచుకుంటూనే, రేడియేటరును తప్పించుకుపోయే అడ్డదారిని మూస్తుంది. నేను పీకేశాక నీళ్ళలో సగం రేడియేటరు మొహం చూడకుండానే తిరిగి ఇంజనులోకి వెళ్ళడం మొదలుపెట్టాయి. వేడి ఇంకా పెరిగింది. డిపోలో ఎన్ని బండ్లకు అలా పీకానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మళ్ళీ కొత్తది బిగించాను.

రెండోదాన్ని తప్పు అంటే సరిపోదు. ఇంజను హద్దు దాటి వేడెక్కితే మోగే బజరు ఒకటి ఉంటుంది. అది ప్రతి మిట్టకీ మోగుతోంది. "ఆ పిల్లి కూత ఆపు బాషా, కన్ను మూతబడనీదు" అంది కుప్పమ్మగారు. గోవిందరెడ్డి నా వైపు చూశాడు. నేను కటింగ్ ప్లేయరు తీసుకుని రెండు వైర్లు కత్తిరించాను. అర నిమిషం కూడా పట్టలేదు. డ్రైవరు ముందు వేడి చూపే ముల్లు ఉంది, చూసుకుంటాడులే అనుకున్నాను.

దానియేలుకు ఇంజను ముప్పై అయిదు అడుగుల వెనక. చప్పుడు వినపడదు, వాసన రాదు. లోగడ లారీలు తోలినవాడు, బుర్ర ఉన్న మనిషి. అతను తన దారి తను వెతుక్కున్నాడు. అద్దంలోంచి వెనక మంచాన్ని చూసేవాడు. ఇంజను వేడెక్కితే కింది చెక్క కాగి, పరుపు కాగి, కుప్పమ్మగారు లేచి కూర్చునేది. ఆవిడ లేచి కూర్చుంటే అతను బండి పక్కన ఆపేవాడు.

"ముల్లు కన్నా పెద్దమ్మే కరెక్టు బాషన్నా" అని నాకే చెప్పాడు. నేను నవ్వాను. ఒక ముసలావిడను థర్మామీటరుగా పెట్టి బండి నడుపుతున్నామన్న ఆలోచన నాకు గానీ, దానియేలుకు గానీ, గోవిందరెడ్డికి గానీ రాలేదు.

మొగిలి ఘాటు

మామిడి కాయ దిగే రోజులు. చెల్లెలికి మాట పడిపోతోందని కోలారు నుంచి ఫోను వస్తే మళ్ళీ బయలుదేరారు. కొడుకు ఫ్యాక్టరీ వదిలి రాలేక ఆగిపోయాడు. బండిలో దానియేలు, కుప్పమ్మగారు, వంటకు తోడుగా ఒక బంధువులావిడ, అంతే.

బంగారుపాళ్యం దాటే దారిలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు వరసలు కట్టి ఉన్నాయి. ఎవరి ఫ్యాక్టరీ ముందు వరస పెద్దదో చూడాలని కుప్పమ్మగారు మంచం దిగి ముందు సీటులోకి వచ్చి కూర్చుంది. తన కొడుకు వరస కంటే మరిది కొడుకు వరస పొడుగ్గా ఉంది. ఆ కోపంలో వెనక్కి వెళ్ళి పడుకోవడం మరిచి, ఘాటు మొదలయ్యేదాకా దానియేలుకు మరిది పుట్టుపూర్వోత్తరాలు చెబుతూనే ఉంది. వంటావిడ కూడా వినడానికి ముందుకే వచ్చింది.

మంచం మీద ఎవరూ లేరు. బజరు లేదు. ముల్లు మాత్రం ఉంది. దానియేలు చూశాడు. ముల్లు ఎరుపు దాకా ఎక్కి, ఘాటు మధ్యలో మెల్లగా పడిపోయింది. చల్లబడిందనుకున్నాడు. కొత్తవాళ్ళు ఈ ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఎక్కిన ముల్లు ఎత్తులో ఉండగానే పడిపోయిందంటే ఇంజను చల్లబడినట్టు కాదు. ముల్లుకు కబురు చెప్పాల్సిన నీళ్ళే అయిపోయాయన్నమాట.

వెనకొచ్చే మోటారు సైకిలు మనిషి చెయ్యి ఊపుతూ ముందుకొచ్చి ఆపించేసరికి మంచం కింద స్పాంజి అంటుకుంది. దానియేలు ఇద్దరాడవాళ్ళనీ దింపి, పొయ్యి కింది గ్యాసు సిలిండరు విప్పి ఎత్తుకుని రోడ్డవతలికి పరిగెత్తాడు. తర్వాత మట్టీ నీళ్ళూ పోసి ఆర్పారు. పరుపు మధ్యలో, రోజూ ఆవిడ నడుము ఆనే చోట, పళ్ళెమంత బొగ్గు మిగిలింది.

బండిని షెడ్డుకు లాక్కొచ్చాక ఆ పరుపును నేను చాలాసేపు చూశాను. మరిది కొడుకు ఫ్యాక్టరీ ముందు నాలుగు ట్రాక్టర్లు తక్కువ ఉంటే ఆవిడ ఆ పరుపు మీదే ఉండేది.

కాగితం పరీక్ష

మర్నాడు పొద్దున, ముందే చేయాల్సిన పని చేశాను. మళ్ళీ నీళ్ళు పోసి చూస్తే ఇంజను ఎలాగో తిరిగింది. ఒక దినపత్రిక కాగితం తీసుకుని జాలీ మీద, పెద్దనాయుడి నుదుటి మీద పెట్టి వదిలాను. ఫ్యాను లోపల హోరుమంటోంది. కాగితం జారి కింద పడింది. బుగ్గ మీద పెట్టాను, పడింది. మీసం కొస దగ్గర స్టిక్కరును అరచేతంత పీకి, అక్కడ పెట్టాను. కాగితం చటుక్కున అతుక్కుంది. లాగితే చిరిగింది గానీ ఊడలేదు.

రెండు నెలలు పంపులూ పైపులూ మార్చిన మనిషికి ఒక కాగితం ముక్క అర నిమిషంలో జవాబు చెప్పింది. కింద పడుకుని చూస్తే, దుమ్ము రాకుండా మేం కొట్టిన రేకు వేడి గాలి పోయే దారి కూడా మూసేసింది. ఉన్న కాస్త గాలీ లోపలే తిరిగి తిరిగి మళ్ళీ రేడియేటరులోకే వస్తోంది.

బంగారుపాళ్యంలో పంచాయితీ

దొరస్వామి నాయుడు మమ్మల్ని ఫ్యాక్టరీకి పిలిపించాడు. ఆవరణంతా మామిడి టెంకల వాసన. కుర్చీలు వేసి ఉన్నాయి. దానియేలు మాత్రం నిలబడి ఉన్నాడు.

"డ్రైవరు ముల్లు సూడకుండా తోలినాడు" అన్నాడు గోవిందరెడ్డి. "మా షెడ్డు పనిలో దోసమేమీ ల్యాదు."

దొరస్వామి నాయుడు దానియేలు వైపు తిరిగాడు. "రేపట్నించి నువ్వు రావొద్దప్పా. మా యమ్మను సంపేసి ఉందువు."

దానియేలు నా వైపు చూడలేదు. అతను చూసి ఉంటే నాకు కాస్త తేలికయ్యేదేమో.

"బజరు వైర్లు కత్తిరించింది నేను" అన్నాను.

గోవిందరెడ్డి దగ్గాడు. నేను ఆగలేదు. ముల్లు ఎందుకు పడిపోయిందో చెప్పాను, కింది రేకు సంగతి చెప్పాను, చివరికి స్టిక్కరు సంగతి చెప్పాను. "ఆయన మొగం తీసేస్తే గానీ ఇంజనుకు గాలి ఆడదు నాయుడూ" అన్నాను.

దొరస్వామి నాయుడు లేచి నిలబడ్డాడు. "మా నాయన మొగానికి బొక్కలు పెడతానంటావా? ఆవిరొస్తే జనం దండాలు పెడతా ఉండారు. తిరప్తి బస్సుల వాళ్ళు గూడా ఆపి సూస్తా ఉండారు. తీసేస్తానంటావా?"

కుప్పమ్మగారు అప్పటిదాకా చాటలో చింతపండు గింజలు తీస్తూ ఉంది. చాట పక్కన పెట్టింది.

"మీ నాయన ఎట్ల పొయినాడో నీకు గెవనముందా?" అని కొడుకును అడిగింది.

అతను నోరు తెరిచేలోపే ఆవిడే చెప్పింది.

"ఆయాసంతో పొయినాడు. పదేండ్లు ఆ నోట్లో కొట్టుకునే పంపు జేబులో ఏసుకోని తిరిగినాడు. గాలి, గాలి అనేటోడు. కిటికీ తెరిసినా సాలేది కాదు." నా వైపు తిరిగింది. "తీసెయ్ బాషా. యాడ ఎంత కావాల్నో అంత తీసెయ్."

దొరస్వామి నాయుడు కూర్చున్నాడు.

"దానియేలు యాడికీ పోడు" అంది ఆవిడ. "సిలిండరు ఎత్తుకోని పరిగెత్తినోడు వాడొక్కడే. ఇంగ నువ్వు బాషా. వైర్లు కత్తిరించమని నేనన్నా, నిజమే. నాకు తెలీదు. నీకు తెలుసు గదా?"

"తెలుసమ్మా."

"అయితే బండి బాగు చేసినంక, మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు ఆ మంచం మీద నువ్వు పండుకోవాల. నేను ముందు కూసుంటా. రెడ్డిని గూడా పండుకోమను."

గోవిందరెడ్డికి అప్పటికప్పుడు నడుము నొప్పి వచ్చింది.

మంచం మీద నేను

బాగు చేయడానికి పది రోజులు పట్టింది. ఇంజను పైభాగం విప్పించాం. కింది రేకు తీసేశాను. జాలీకీ రేడియేటరుకూ మధ్య సందులు రబ్బరుతో మూసి, వేడి గాలి తిరిగి రాకుండా చేశాను. స్పాంజి పీకి, మంచం కింద మంటకు ఓర్చే పలక పెట్టాను. సిలిండరును ముందుకు మార్చాను. బజర్లు రెండు బిగించాను, ఒకటి డ్రైవరు దగ్గర, ఒకటి మంచం తలాపున. స్టిక్కరు కోసేటప్పుడు కుప్పమ్మగారు పక్కనే నిలబడింది. తలపాగా మిగిలింది, భుజాలు మిగిలాయి, మధ్యలో నల్లటి జాలీ. చూడ్డానికి బాగుండదు. బాగుందని నేను అబద్ధం చెప్పబోతే ఆవిడే ఆపింది. "ఊపిరి తీసుకునేటోడు అందంగా ఉండాల్నా ఏంది" అంది.

మంగళవారం మధ్యాహ్నం ఎండలో కోలారు బయలుదేరాం, చెల్లెలు అక్క కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. కావాలనే ఆ వేళ పెట్టాను. వేడిని వేడిలోనే పరీక్షించాలి. ఘాటు మొదట్లో దానియేలు బండి నెమ్మది చేసి అద్దంలోంచి చూశాడు. నేను చెప్పులు విడిచి, కొత్త పరుపు మీద వెల్లకిలా పడుకున్నాను.

ఒక బండిని ఎన్నేళ్ళు బాగు చేసినా, దాని మీద పడుకుంటే తప్ప తెలియనివి కొన్ని ఉన్నాయి. నా వెన్ను కింద ఫ్యాను గాలి లాగుతున్న హోరు వినపడింది. గేరు తగ్గినప్పుడల్లా ఆ హోరు పెరిగింది. మంచం పక్కనుంచి చెయ్యి దించి పలక మీద అరచెయ్యి పెట్టి ఉంచాను. గోరువెచ్చగా అయింది. రెండో మలుపులో ఇంకాస్త వెచ్చనైంది. నాకు చెమటలు పట్టాయి, అవి వేడికి కాదు. తలాపున ఉన్న బజరు వైపే చూస్తూ పడుకున్నాను. ఆ వైర్లు బిగించింది నేనే గనక, సరిగ్గా బిగించానా లేదా అని ఘాటంతా ఆలోచించాను. నా చేతిపని మీద నాకున్న నమ్మకం ఎంతో నాకు ఆ అరగంటలో తెలిసింది. అంత ఎక్కువేం లేదు. బండి తయారుచేసే ప్రతి ఒక్కడినీ ఒక్కసారైనా ఇలా పడుకోబెట్టాలి. యజమానుల్ని రెండుసార్లు.

మూడో మలుపు దాటాక వెచ్చదనం అక్కడే ఆగింది. పెరగలేదు. ఘాటు పైకి వచ్చాక దానియేలు ఒక చింతచెట్టు నీడలో బండి ఆపి ఇంజను తిరుగుతూనే ఉంచాడు.

"ముల్లు మధ్యలోనే ఉండాది బాషన్నా. పడిపోలా, ఎక్కలా" అని ముందునుంచే కేకేశాడు.

కుప్పమ్మగారు సీట్లను పట్టుకుంటూ వెనక్కి వచ్చింది. కోలారు ఇంకా గంట పైన దూరం ఉంది. వంగి, నా నడుము పక్కన పరుపు మీద అరచెయ్యి ఆనించి, మా ఇంట్లో పిల్లలకు జ్వరమొస్తే పెద్దవాళ్ళు ఆనించినట్టు కాసేపు అలాగే ఉంచింది.

"ఇంగ లెయ్ బాషా" అంది. "నేను పండుకుంటా."